ఆవాలు దొరకని ఇండ్లు

 

ధమ్మ బంధువులారా, ఈ పాఠాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. ప్రశ్న నాది కాదు. మన గొల్లపల్లి మండలంలోనే ఒక ఇంట్ల, పదో దినం నాడు ఒక అక్క అడిగింది. ఆమె కొడుకు గల్ఫ్‌కు పనికి పోయి పెట్టెలో తిరిగి వచ్చాడు. ఆ పెట్టె ఎట్లుంటదో, శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి వాకిట్లకు వచ్చేదాకా ఇంటివాళ్లు ఎట్ల ఎదురుచూస్తరో మీకు నేను చెప్పక్కర లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఊర్లల్ల అది తెలియనివాళ్లు ఉండరు.

ఆ ఇంటివాళ్లు దీక్ష తీసుకున్నవాళ్లు. బాబాసాహెబ్ ఇచ్చిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో ఆరోది గుర్తుంది కదా: శ్రాద్ధం పెట్టను, పిండం పెట్టను. వాళ్లు ఆ మాట తప్పలేదు. అయ్యగారిని పిలువలేదు, కాకికి ముద్ద పెట్టలేదు. బుద్ధుని పటం, బాబాసాహెబ్ పటం, వాటి కింద పిల్లవాని ఫోటో పెట్టి కొవ్వొత్తులు వెలిగించినం. త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకున్నం. అందరూ లేచి పోతుంటే ఆ అక్క నా దగ్గరికొచ్చి మెల్లగ అన్నది:

"అన్నా, పిండం వద్దన్నరు, పెట్టలేదు. దేవుడు లేడన్నరు, మొక్కలేదు. మరి ఈ దుఃఖాన్ని నేనెక్కడ పెట్టుకోవాలె?"

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయిన. ఏదో నాలుగు ధైర్యం మాటలు చెప్పి వచ్చిన. బండి మీద ఇంటికి వస్తుంటే నాకే సిగ్గనిపించింది. దీక్ష తీసుకున్ననాడు ఏమేం వదిలేసినమో మనందరికీ బాగా తెలుసు. వరుసగా చెప్పగలం. దుఃఖం వచ్చిననాడు మన చేతిల ఏముంటదన్నది మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటం. ఆ ఖాళీల నుంచే పాత మొక్కులు మళ్లీ ఇంట్లకు వస్తయి. అట్ల వచ్చిన ఇండ్లను తిట్టి లాభం లేదు.

ముందుగాల ఏడుపు సంగతి. "బౌద్ధులం కదా, ఏడ్వొద్దు, అనిత్యం అనుకోవాలె" అని మన కార్యకర్తలే కొందరు అంటుంటరు. ఈ మాట ధమ్మం కాదు. కుసినారలో బుద్ధుడు ఆఖరి పడక మీద ఉన్నప్పుడు ఆనందుడు విహారంలోకి పోయి తలుపుకు ఆనుకొని ఏడ్చాడు. "నేనింకా నేర్చుకోవలసిందే ఉంది, నా మీద దయగల గురువు పోతున్నాడు" అని అతని బాధ. బుద్ధుడు అతన్ని పిలిపించాడు. ప్రియమైనవాళ్ల నుంచి విడిపోవుడు తప్పదని ముందే చెప్పిన కదా అని గుర్తు చేశాడు. అక్కడితో ఆపలేదు. ఇన్నేండ్లు నువ్వు ప్రేమతో నాకు సేవ చేసినవు, మంచి పని చేసినవు అన్నాడు. తర్వాత భిక్షువులందరి ముందు ఆనందుని గుణాలు ఒక్కొక్కటి చెప్పి మెచ్చుకున్నాడు. చావు దగ్గరపడ్డ మనిషి ఏడ్చేవాన్ని పిలిచి, నీలో ఇంత మంచి ఉంది అని చెప్పుడు చూడండి.

బుద్ధుడు తన లోటును కూడా దాచుకోలేదు. సారిపుత్తుడు, మొగ్గల్లానుడు పోయిన తర్వాత ఒకనాడు గంగ ఒడ్డున భిక్షువుల మధ్య కూర్చొని, వాళ్లిద్దరు లేని ఈ సభ నాకు ఖాళీగా కనిపిస్తున్నది అన్నాడు. నెత్తి కొట్టుకోలేదు. ఏమీ కానట్టు నటించనూ లేదు. లోటును లోటు అన్నాడు. కాబట్టి అక్కా, నీ కండ్లనీళ్లు ధమ్మానికి అడ్డం కాదు.

అడ్డమయ్యేది వేరే ఉంది. దాన్ని బుద్ధుడు రెండో బాణం అన్నాడు. మనిషికి ఒక బాణం తగులుతుంది, నొప్పి అవుతుంది. అది నిజం నొప్పి. అదే మనిషి "నాకే ఎందుకు తగలాలె" అని కుమిలి కుమిలి రెండో బాణాన్ని తన చేతులతోనే గుచ్చుకుంటాడు. మొదటిది మన చేతిల లేదు. రెండోదాన్ని ఆపుకోవచ్చు.

మన దగ్గర ఈ రెండో బాణాన్ని ఎక్కువసార్లు చుట్టుపక్కలోళ్లే గుచ్చుతరు. ఆ అక్క ఇంటికి వచ్చినోళ్లల్ల ఒకామె "పోయిన జన్మల ఏం పాపం చేసుకున్నవో బిడ్డా" అని అన్నది. ఓదార్చుదామనే అన్నది, కోపంతోని కాదు. అయినా ఆ మాట తల్లికి ఎక్కడ తగులుతదో ఆలోచించండి. కొడుకును పోగొట్టుకున్న తల్లే నేరస్థురాలు అయిపోయింది.

ఈ మాటకు బుద్ధుని కాలంలనే జవాబుంది. సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుని అడిగాడు: మనిషి అనుభవించే సుఖం గానీ దుఃఖం గానీ అంతా పూర్వం చేసినదాని ఫలమే అని కొందరు చెప్తున్నరు, మీరేమంటరు? పిత్తం వల్ల బాధలొస్తయి, శ్లేష్మం వల్ల వస్తయి, వాతం వల్ల వస్తయి, ఋతువులు మారితే వస్తయి, దెబ్బ తగిలితే వస్తయి, ఇది ఎవరికైనా కనిపించే సంగతే, అంతా పూర్వకర్మే అనేవాళ్లు తప్పు చెప్తున్నరు అన్నాడు బుద్ధుడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ విషయాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. పేదవాని బాధకు వాని పూర్వజన్మే కారణమని చెప్పే సిద్ధాంతం, రాజ్యాన్నీ సమాజాన్నీ బాధ్యత నుంచి తప్పించడానికే పనికొస్తుందని రాశారు. ఎండల పనిచేసే కూలివానికి నీళ్లూ నీడా ఇవ్వనిది ఎవరు, పాస్‌పోర్టు గుంజుకున్నది ఎవరు, ఏజెంటుకు కట్టిన అప్పుకు మిత్తి ఎంత, ఈ ప్రశ్నలన్నీ పూర్వజన్మ కింద పూడ్చిపెడితే ఎవరికి లాభం?

ఇక కిసా గోతమి దగ్గరికి వద్దాం. ఈ కథ మీకు తెలిసిందే. బాబాసాహెబ్ కూడా తన గ్రంథంలో దీనికి చోటిచ్చారు. అయితే మనం దీన్ని కొంచెం తొందరగా చెప్పేస్తం. పిల్లవాడు చనిపోయాడు, బతికించమన్నది, చావు లేని ఇంట్ల నుంచి ఆవాలు తెమ్మన్నాడు, దొరకలేదు, తెలుసుకున్నది. ఐపోయింది. "అందరికీ చావుంది, ఊరుకో" అన్నదే సారం అన్నట్టు చెప్తం. అదొక్కటే అయితే బుద్ధుడు కూసున్న దగ్గరనే ఆ మాట చెప్పి పంపొచ్చు కదా. ఊరంతా ఎందుకు తిప్పాడు?

ఆమెతోని నడిచి చూడండి. మొదటి ఇంట్ల ఆవాలు ఉన్నయి. పిడికెడు పోసేటందుకు చెయ్యి ముందుకొచ్చింది. "మీ ఇంట్ల ఎవరన్నా పోయిన్రా?" అని అడగంగనే ఆ చెయ్యి ఆగింది. పోయిన ఏడు మా ఆయన పోయిండు అన్నది ఇంటామె. రెండో ఇంట్ల ముసలామె బిడ్డ సంగతి చెప్పింది. ఇట్ల పొద్దంతా. ఉదయం ఆమె ఒళ్లో ఉన్నది లోకంలోని ఒకే ఒక్క దుఃఖం. సాయంత్రానికి ఊరంత మంది దుఃఖం ఆమె చెవులల్ల ఉంది. వాళ్లందరి మధ్య నిలబడ్డప్పుడే పిల్లవాన్ని కింద పెట్టగలిగింది. ఆవాలు దొరకలేదు గానీ, ఆమె తట్టిన ప్రతి తలుపూ తెరుచుకున్నది. నా వరకు ఈ కథలో అందమైన సంగతి ఇది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మన అవ్వలు, అమ్మమ్మల కాలంల మన వాడ తల్లి ఒకామె ఇట్లనే పిల్లవాన్ని ఎత్తుకొని ఊర్లెకు పోతే ఎన్ని తలుపులు తెరుచుకునేవి? గడప ముట్టనిచ్చేవాళ్లా? ఆవాలు చేతికిచ్చేవాళ్లా, దూరం నుంచి కొంగులో పోసేవాళ్లా? "మా ఇంట్ల కూడా చావైందమ్మా" అని ఆమె పక్కన కూసునేవాళ్లా? అంటరానితనం మన నుంచి బావినీళ్లు మాత్రమే గుంజుకోలేదు, ఇంకొకరి దుఃఖంతో మన దుఃఖాన్ని కలుపుకునే దారిని కూడా గుంజుకున్నది. అందుకే మనకు సంఘం శరణం అన్న మూడో మాట ఉత్త మాట కాదు. తెరుచుకునే తలుపులు మనమే ఒకరికొకరం కావాలె.

"అయితే దుఃఖంలో అందం ఉందంటవా?" అని మీరడగొచ్చు. ఉందని నేననను. పెట్టెలో అందం లేదు. సిరిసిల్లలో అప్పులపాలై ఉసురు తీసుకున్న నేతన్న ఇంట్ల, ఆగిపోయిన సాంచెలో అందం లేదు. బాధే గొప్పది, బాధ పడ్డోడే మంచోడు అని చెప్పే మతాలున్నయి. మనది అది కాదు. దుఃఖాన్ని తీసేయడమే ధమ్మం పని అని బాబాసాహెబ్ స్పష్టంగా చెప్పారు. కానీ దుఃఖం వచ్చిన రోజు కూడా లోకంలో ఇంకేమేం మిగిలి ఉన్నయో చూడగలిగే కండ్లు ఉంటయి. ఆ కండ్ల గురించి ఒక సంగతి చెప్తా.

బుద్ధునికి ఎనభై ఏండ్లు. వేశాలి దగ్గర బేలువ అనే పల్లెలో వర్షావాసం ఉన్నాడు. ఆ వానకాలంల పెద్ద జబ్బు చేసింది. ప్రాణం పోయేంత నొప్పులు. ఎట్లనో తేరుకున్నాక ఆనందునితో, నా ఒళ్లు పాత బండి లెక్క అయింది, కట్లు కట్టి లాక్కొస్తున్న అన్నాడు. తర్వాత ఒకనాడు వేశాలిలో భిక్ష తీసుకొని, తిన్నంక చాపాల చైత్యం దగ్గర కూర్చున్నాడు. అప్పుడేమన్నాడో తెలుసా? ఆనందా, వేశాలి రమ్యంగా ఉంది అన్నాడు. ఉదేన చైత్యం రమ్యం, గోతమక చైత్యం రమ్యం అని ఒక్కొక్కదాని పేరు చెప్పుకుంటూ పోయాడు. వేశాలి విడిచిపోయేటప్పుడు ఏనుగు తిరిగి చూసినట్టు ఒళ్లంతా తిప్పి ఆ ఊరిని చూసి, ఇదే ఆఖరు చూపు అన్నాడు.

పోతానని తెలుసు. ఒళ్లు నొప్పి. అయినా ఊరు బాగుంది అన్నాడు. నొప్పి తగ్గినంక బాగుంటది అనలేదు. నొప్పి ఉన్నా ఊరు బాగుంది. రెండూ ఒకేసారి నిజం. స్మృతి, అంటే ఎరుక, అని మనం చెప్పుకునేది ఇదే. ఎరుక లేనివానికి దుఃఖం కండ్లకు కట్టిన గంతలు అయితది.

ఇంక ఆ అక్క ఇంటికి మళ్లీ పోదాం. ఆ పది రోజులు ఆ ఇంట్ల పొయ్యి వెలిగించనియ్యలేదు. పక్కింటోళ్లు, పాలోళ్లు వంతుల వారీగ వండుకొచ్చిన్రు. మొదటి మూడు రోజులు వాడకట్టు ఆడోళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి ఆమె చుట్టూ కూసున్నరు. వెయ్యి బీడీలకు కూలి ఎంతొస్తదో, ఒక పూట చాట దించితే ఇంట్ల ఏం తక్కువ పడతదో మీ ఇండ్లల్ల మీకు తెలుసు. (బీడీ పని సమ్యక్ జీవనమేనా అని అడిగేవాళ్లున్నరు. అది పెద్ద చర్చ, ఇంకో పాఠంల చేద్దాం. అప్పటిదాకా ఆ చాట ముందు వంగిన వీపులను కించపర్చొద్దు.) మూడు రోజుల కూలిని దుఃఖం ముందు పెట్టుడు అనేది చిన్నది కాదు. దీనిని నేను ఆ రోజు చూసిన కానీ గుర్తించలేదు. అక్క ప్రశ్నకు జవాబు ఆమె చుట్టూనే కూసొని ఉండె.

బాబాసాహెబ్ జీవితంలో ఈ సంగతి ఎట్లున్నదో చూస్తే ఇంకొంచెం అర్థమైతది. ఆయన, రమాబాయి నలుగురు పిల్లలను పోగొట్టుకున్నారు. చివరివాడు రాజరత్న 1926 జులైలో పోయాడు. ఆ దెబ్బ నుంచి మేమిద్దరం తేరుకోలేదు, తేరుకుంటమని కూడా అనుకోవడం లేదు అని ఆయన మిత్రునికి లేఖ రాశారు. ఇది రాసింది మనం నీలి సూటు వేసి, వేలు చూపిస్తూ నిలబెట్టే మనిషే. విగ్రహం ముందు నిలబడ్డప్పుడు ఆ తండ్రిని కూడా గుర్తు చేసుకోవాలె.

ఆ లేఖ రాసిన ఏడాది తిరగకముందే, 1927 మార్చి 20న, మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకొని తాగారు. కొడుకు చావు వల్ల మహాడ్ జరిగిందని నేను చెప్తలేను, అట్ల చెప్పుడు అన్యాయం. ఆ పోరాటం దానికదిగ నడుస్తున్నది. నేను చెప్పేది ఇంతే: తేరుకోలేను అన్న మనిషే నడిచాడు. తేరుకున్నంక నడుస్తనని ఆగలేదు. తర్వాత 1935 మే 27న రమాబాయి పోయారు. అదే ఏడాది అక్టోబర్ 13న ఏవలాలో, హిందువుగా చావను అని ప్రకటించారు.

1917లో బరోడాలో జరిగింది మీకు తెలిసిందే. విదేశాల్లో చదివి వచ్చిన ఉద్యోగిని, కులం తెలిసిందని పార్సీ సత్రంలో నుంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టిన్రు. ఊర్లో ఎక్కడా ఇల్లు దొరకక, రాత్రి బండి కోసం ఒక తోటలో కూర్చున్నారు. ఆ గంటల్లో అమ్మానాన్నలు గుర్తొచ్చారని తర్వాత ఆయనే రాసుకున్నారు. ఆ దుఃఖం జబ్బు వల్ల వచ్చింది కాదు, మనుషులు చేసింది. ఈ తేడా మనం మరువొద్దు. చావు దుఃఖానికి ఓర్పు కావాలె. మనిషి చేసిన అన్యాయానికి ఓర్పు ఒక్కటే చాలదు, సంఘం కట్టాలె, కాయితం రాయాలె, కోర్టుకు పోవాలె. రెండో బాణం వద్దన్నమంటే మొదటి బాణం వేసినోన్ని వదిలేయమని కాదు.

మన గోదారి ఒడ్డు సంగతి ఒకటి చెప్పి ముగింపుకు వస్తాను. సుత్తనిపాతంలో బావరి అనే ఆయన కథ ఉంది. అస్సక దేశంలో, గోదావరి తీరాన ఉండేవాడు. ఆ చోటు ఇప్పటి నిర్మల్ జిల్లా బాదన్‌కుర్తి అని పరిశోధకులు చెప్తరు. అంటే మన జిల్లా నుంచి గోదారి దాటితే అదే. ఒకనాడు ఒకడు వచ్చి అయిదు వందలు ఇవ్వమన్నాడు. బావరి తన దగ్గర లేవన్నాడు. ఇయ్యకపోతే ఏడో దినం నీ తల ఏడు ముక్కలైతదని వాడు శపించాడు. బావరి తిండి మానేసి ఎండిపోయాడు. శాపాలకు భయపడే ముసలాయన! మన ఇండ్లల్ల ఇప్పటికీ ఉన్న భయమే. ఆయన పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడు. తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య అని అక్కడ జవాబు దొరికింది. గోదారి ఒడ్డుకు ధమ్మం వచ్చిన తొవ్వ ఒక ముసలాయన భయంలో మొదలైంది.

ఆ పదహారు మందిలో పింగియుడు బాగా ముసలివాడు. చూపు ఆనదు, చెవులు వినపడవు, ఒంట్లో సత్తువ లేదు. ఇంటికి వచ్చినంక బావరితో బుద్ధుని గురించి చెప్తూ, ఒళ్లు అక్కడికి పోలేదు గానీ మనసు ఆయన్ని విడిచి ఒక్క ఘడియ కూడా ఉండదు అన్నాడు. దుబాయిల, మస్కట్‌ల కొడుకులున్న ముసలి తల్లిదండ్రులకు ఈ మాట వేరే అర్థం చెప్పక్కర లేదు. పోయిన కొడుకుల తల్లిదండ్రులకు కూడా.

కూడికలో ఈ పాఠం చదివినంక కాసేపు మౌనంగ ఊపిరి గమనించి కూర్చోండి. పిల్లలున్నా సరే, కదిలినా సరే. తర్వాత ఒక్కొక్కరు తమ ఇంట్ల పోయిన ఒకరి పేరు చెప్పి, వాళ్లు చేసిన ఒక మంచి పని చెప్పండి. బుద్ధుడు ఆనందుని గుణాలు చెప్పినట్టు. పిండానికి బదులు మనం పెట్టగలిగేది అది. తోచినోళ్లు ఆ పేరు మీద ఒక పిల్లకు పుస్తకాలో, పరీక్ష ఫీజో కట్టొచ్చు. లేనోళ్లు దాని గురించి బాధపడొద్దు.

ఆ అక్క సంగతి. రెండు నెలలకు పక్క ఊరికి ఇంకో పెట్టె వచ్చింది. నాకు తెలిసి నేను పోయేసరికి ఆమె అప్పటికే పోయొచ్చింది. ఆ తల్లితోని ఏం మాట్లాడినవక్కా అని అడిగిన.

"ఏం మాట్లాడలేదన్నా. చాట పట్టుకపోయిన. ఆమె పక్కన కూసొని బీడీలు చేసుకుంట ఉన్న. మాపటీలికి ఆమె కూడ కత్తెర తీసుకొని ఒక ఆకు కత్తిరించింది."